ఆలోచన నుంచి అరకిలో ప్యాకెట్టు దాకా

"చోడి పిండి (రాగి పిండి) వ్యాపారం మొదలుపెట్టాలి" అని జనవరిలో నోటుబుక్కులో రాసుకున్న వాక్యం వానాకాలం వచ్చినా కదలదు. దాని కిందే రాసిన "గ్యాస్ బుక్ చేయాలి" అన్నది ఆ సాయంత్రానికే కొట్టేసి ఉంటుంది. రెండూ రాసింది ఒకే చెయ్యి. ఒకటి జరిగి ఇంకొకటి ఎందుకు జరగలేదని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు "బద్ధకం", లేదంటే "మోటివేషన్ లేదు". ఈ జవాబు తప్పు, పైగా హాని చేస్తుంది కూడా. దాన్ని నమ్మినవాళ్ళు పని సంగతి వదిలేసి తమను తాము తిట్టుకుంటారు, లేదా ప్రేరణ కోసం ఒకదాని తర్వాత ఒకటి వీడియోలు చూస్తూ కూర్చుంటారు.

తేడా ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. గ్యాస్ బుక్ చేయడం ఒక పని. ఫోన్ తీస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. చోడి పిండి వ్యాపారం అన్నది నలభై యాభై పనులకు కలిపి పెట్టిన పేరు. పేరును ఎవరూ చేయలేరు. నోటుబుక్కు తెరిచిన ప్రతిసారీ ఆ పేరు కనిపిస్తుంది, ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియదు, పేజీ తిప్పేస్తాం. పదిసార్లు తిప్పేశాక అది మన కంటికి ఆనడమే మానేస్తుంది.

విషయం తేలిగ్గా అర్థం కావడానికి విశాఖ గాజువాకలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అతనిది ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఆమెకు మొలకెత్తించిన చోళ్ళ పిండి చక్కగా కుదురుతుంది. తిన్నవాళ్ళంతా "అమ్మితే బాగుంటుంది కదా" అంటారు. ఆలోచన మంచిదే. ఇద్దరికీ ఇష్టమే. అయినా ఏడాదిగా అక్కడే ఉంది.

ఫోటో తీయగలిగితేనే పని

ఒక వాక్యం పనో పేరో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. మీరు అది చేస్తుండగా పక్కవాళ్ళు ఫోటో తీయగలరా? "మార్కెట్ గురించి తెలుసుకోవాలి" అన్నదానికి ఫోటో లేదు. "పూర్ణా మార్కెట్లో మూడు కొట్లలో కిలో చోళ్ళ ధర అడిగి రాసుకోవాలి" అన్నదానికి ఉంది. "ప్యాకింగ్ సంగతి చూడాలి" అంటే ఏమీ కనిపించదు. "అరకిలో పట్టే జిప్ కవర్లు యాభై కొనాలి" అంటే కొట్టు ముందు నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. క్రియ, వస్తువు, చోటు: ఈ మూడూ ఉంటేనే వాక్యం కదులుతుంది. "చూడాలి", "ఆలోచించాలి", "ప్లాన్ చేయాలి" అనే క్రియలు ఎక్కడ కనిపించినా కొట్టేసి, వాటి కింద అసలు చేయాల్సింది ఏమిటో రాయండి.

నలభై పనులూ ఒకేసారి రాయనక్కర్లేదు. రాయాలని కూర్చుంటే అదే ఇంకో వాయిదా అవుతుంది. ఇప్పుడు చేయగలిగినది ఒక్కటి, అరగంటలోపు అయిపోయేది, వేరే ఎవరి కోసమూ ఆగనక్కర్లేనిది రాస్తే చాలు. అది అయ్యాక దాని తర్వాతది దానంతటదే కనిపిస్తుంది. ధర అడగడానికి వెళ్ళినవాళ్ళకి కొట్టాయనే చెబుతాడు, ఏ రకం చోళ్ళలో రాళ్ళు తక్కువో, ఎంత కొంటే రేటు తగ్గుతుందో. ఇంట్లో కూర్చుని వేసిన పథకంలో ఆ మాట ఉండదు.

ఒకే పుస్తకం

ఒక్కసారిగా మనసులో పట్టుకోగలిగిన విషయాలు చాలా తక్కువ. మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో చేసిన సమీక్ష ప్రకారం సుమారు నాలుగు. బియ్యం, ఫీజు గడువు, అత్తగారి మందులు, కరెంటు బిల్లు. నాలుగూ నిండిపోయాయి, చోడి పిండికి చోటెక్కడ? కాబట్టి కాగితం మీద పెట్టడం జ్ఞాపకశక్తి తక్కువున్నవాళ్ళు చేసే పని అనుకోకూడదు. బుర్ర ఉన్నది ఆలోచించడానికి, దాన్ని గోదాములా వాడితే ఆలోచించే చోటే పోతుంది.

పూర్తికాని పని మనసును గుచ్చుతూ ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రచురించిన ప్రయోగాల కాలం నుంచి చర్చ నడుస్తోంది. 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో ఇంకో పనికొచ్చే సంగతి తేలింది. ఆ గుచ్చడం ఆగడానికి పని పూర్తి కానక్కర్లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ఖచ్చితంగా నిర్ణయించుకుంటే చాలు, మనసు దాన్ని వదిలేస్తుంది. అర్ధరాత్రి నిద్ర పట్టనివ్వని ఆలోచనకు మందు అదే: లేచి, ఒక వరుస రాసి, పడుకోవడం.

ఇక్కడ చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటుంది. సగం విషయాలు ఫోన్లో, కొన్ని తమకు తామే పంపుకున్న వాట్సాప్ మెసేజీల్లో, కొన్ని గోడ మీది క్యాలెండర్లో, ఇంకొన్ని కరెంటు బిల్లు వెనక. నాలుగు చోట్ల ఉన్నది ఎక్కడా లేనట్టే. ఒక చోట చూసి "ఇంతేనా, ఇంకా ఏదో ఉందే" అన్న అనుమానం వచ్చిందంటే మళ్ళీ బుర్రే మోయడం మొదలుపెడుతుంది. రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి చాలు. ఎడమ పేజీలో తోచిందల్లా తోచినట్టు రాయండి. కుడి పేజీలో ఫోటో తీయగలిగే పనులు మాత్రమే. గోడ క్యాలెండర్లో తేదీ కచ్చితంగా ఉన్నవి, అంటే ఫీజు, పెళ్ళి, డాక్టర్ అపాయింట్‌మెంట్, తప్ప ఇంకేమీ రాయకండి. "ఈ వారంలో చేస్తే బాగుండు" అనుకున్నవి క్యాలెండర్లోకి ఎక్కితే, రెండు వారాల్లో క్యాలెండర్ మీద కూడా నమ్మకం పోతుంది.

యాప్ వాడేవాళ్ళు యాప్ వాడొచ్చు, పద్ధతి అదే. రంగు రంగుల పెన్నులు, కొత్త యాప్, అందమైన పట్టిక మీద గంటలు గడుస్తుంటే మాత్రం జాగ్రత్త పడాలి. సర్దుకోవడం కూడా పనిచేసినంత తృప్తినిస్తుంది. ఆ తృప్తితోనే రోజు అయిపోతుంది.

"వీలు చూసుకుని" అన్న మాట

ఆలోచనలు మునిగిపోయే మాటలు మన భాషలో కొన్ని ఉన్నాయి. వీలు చూసుకుని. తీరిగ్గా. కాస్త కుదుటపడ్డాక. చూద్దాం. వినడానికి మర్యాదగా ఉంటాయి, ఎవరినీ నొప్పించవు. కానీ వీటిలో దేనికీ తేదీ లేదు, గుర్తు లేదు. వీలు ఎదురొచ్చి "నేనే వీలును" అని చెప్పదు.

దీనికి విరుగుడు కూడా మన భాషలోనే ఉంది. "-గానే" అన్న ప్రత్యయం. "స్నానం చేసి టీ గ్లాసు కింద పెట్టగానే నోటుబుక్కు తెరుస్తాను." "పిల్లాణ్ణి స్కూలు ఆటో ఎక్కించగానే కవర్ల కొట్టుకి ఫోన్ చేస్తాను." పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి వాక్యాల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ఉత్త సంకల్పం ఉన్నవాళ్ళకంటే "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే జత కట్టుకున్నవాళ్ళు గణనీయంగా ఎక్కువ పనులు నెరవేర్చారు. కారణం కష్టమైనదేమీ కాదు. ఆ క్షణంలో చేయాలా వద్దా అని ఆలోచించాల్సిన పని ఉండదు. గ్లాసు కింద పెట్టడమే గంట కొట్టినట్టు పనిచేస్తుంది.

విశాఖలో దీన్ని కొంచెం మార్చి వాడుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ఎన్నో కుటుంబాలు షిఫ్టుల మీద నడుస్తాయి. 'ఏ' షిఫ్టు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2, బీ షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సీ షిఫ్టు రాత్రి 10 నుంచి తెల్లారి 6. "రోజూ ఉదయం 6 గంటలకి" అని పెట్టుకున్న నియమం 'ఏ' షిఫ్టులో అసాధ్యం, సీ షిఫ్టులో నరకం. షిఫ్టు మారగానే నియమం విరిగిపోతుంది, మనిషి తనకు క్రమశిక్షణ లేదనుకుంటాడు. లోపం గడియారానికి కట్టడంలో ఉంది. సంఘటనకు కడితే ఏ షిఫ్టుకైనా సరిపోతుంది: డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తిన్న తర్వాత. 'ఏ' షిఫ్టులో అది మధ్యాహ్నం మూడున్నరకి వస్తుంది. బీ షిఫ్టులో ఇంటికి చేరేసరికే రాత్రి పదకొండవుతుంది కాబట్టి డ్యూటీకి బయలుదేరే ముందు, టిఫిన్ అయ్యాక పెట్టుకోవాలి. సీ షిఫ్టు వారంలో ఇంటికొస్తే నిద్రే ముఖ్యం. ఆ వారానికి ఐదు నిమిషాల పనులే కేటాయించండి, ఫోన్లు, లెక్కలు, అంతకంటే వద్దు. సీ షిఫ్టు వారంలో మిల్లుకు వెళ్ళే పని పెట్టుకుని అది జరగకపోతే నిరాశపడటంలో అర్థం లేదు.

అడ్డంకికి కూడా ఇలాగే ముందే జవాబు రాసి పెట్టుకోవచ్చు. "మిల్లు దగ్గర రద్దీగా ఉంటే గింజలు అక్కడే దించి, సాయంత్రం వస్తానని చెప్పి వచ్చేస్తాను." "చుట్టాలు దిగితే నానబెట్టడం ఒక వారం వెనక్కి జరుపుతాను, తేదీ అప్పుడే రాస్తాను." రెండో వాక్యంలో చివరి ముక్క ముఖ్యం. జరిపిన పనికి కొత్త తేదీ ఆ క్షణంలోనే పడకపోతే అది మళ్ళీ వీలు చూసుకునే జాబితాలోకి పోతుంది.

వెనక నుంచి ముందుకు

అయిదు కిలోల మొదటి విడత ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం. ప్యాకింగ్ ఆదివారం మధ్యాహ్నం అనుకుంటే చోళ్ళు నానాల్సింది మంగళవారం రాత్రి. అంతకుముందే ఏరి, మూడు నాలుగు నీళ్ళు మార్చి కడగాలి. కడిగేటప్పుడు అడుగున దిగే ఇసుకను వదిలేసి పై గింజలు మాత్రమే దేవాలి. బుధవారం ఉదయం నీళ్ళు వంపి, తడి పల్చటి గుడ్డలో మూట కట్టాలి. ఆరకుండా మధ్యమధ్య నీళ్ళు చిలకరిస్తే గురువారం సాయంత్రానికి చిన్న మొలకలు వస్తాయి. పొడుగ్గా పెరగనివ్వకూడదు. శుక్ర, శనివారాలు ఎండ. సముద్రపు గాలి ఉన్న ఊరు కాబట్టి సాయంత్రం కాగానే డాబా మీద నుంచి లోపలికి తేవాలి, రాత్రంతా బయట ఉంటే ఆరిన గింజ మళ్ళీ మెత్తబడుతుంది. శనివారం సాయంత్రం సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చాలి. ఆదివారం ఉదయం మిల్లు. మిల్లు ఆదివారం తెరుస్తారో లేదో ఎప్పుడు కనుక్కోవాలి? మంగళవారం, నానబెట్టే ముందు. శనివారం రాత్రి కాదు.

అన్నిటికంటే ఎక్కువగా చెడేది చివరి మెట్టు దగ్గర. మిల్లు నుంచి వచ్చిన పిండి వెచ్చగా ఉంటుంది. అప్పుడే కవర్లో పోసి మూసేస్తే లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది, కొన్ని రోజులకే ముక్కవాసన వేస్తుంది. వెడల్పాటి పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారాకే ప్యాక్ చేయాలి. దానికి రెండు మూడు గంటలు పట్టొచ్చు. ఆ గంటలు పథకంలో లేకపోవడం వల్లే తొందర, తొందర వల్ల ఉండలు, ఉండల వల్ల మొదటి కొనుగోలుదారు దగ్గర మాట పోవడం.

తరుగు కూడా తూచి రాయాలి. అయిదు కిలోల గింజలకు పది అరకిలో ప్యాకెట్లు రావు. ఏరడంలో, మిల్లులో, జల్లెడలో కొంత పోతుంది. ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో మొదటి విడతలో రాస్తేనే ధర కట్టగలం. ఇంటి గ్యాస్, మిల్లు కూలి, కవరు, మార్కెట్‌కి వెళ్ళొచ్చిన ఛార్జీ, అన్నీ ఆ ప్యాకెట్ల మీదే పడాలి. బయటివాళ్ళకు అమ్మే దశకు వచ్చాక ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషను, కవరు మీద బరువు, ధర, ప్యాక్ చేసిన తేదీ తప్పనిసరి. అవన్నీ మొదటి అయిదు కిలోలకు ముందే తెచ్చుకోవాలని కూర్చుంటే మాత్రం పిండి ఎప్పటికీ పుట్టదు. మొదటి విడత ఇంట్లోవాళ్ళకు, దగ్గరి బంధువులకు ఊరికే ఇచ్చి అభిప్రాయం అడగడానికి.

ఇలా వెనక నుంచి లెక్కేయడం మనకు కొత్త కాదు. ముహూర్తం పెట్టాక నలభై రోజుల్లో అయిదు వందల మందికి భోజనాలు పెట్టి పెళ్ళి చేసే కుటుంబాలు మనవి. కల్యాణ మండపం ఒకరిది, వంటవాళ్ళ మాట ఇంకొకరిది, బట్టలు అక్కచెల్లెళ్ళవి, కిరాణా సామాన్ల జాబితా మేనమామ జేబులో. అక్కడ ఎవరూ మోటివేషన్ గురించి మాట్లాడరు. కదలని తేదీ ఉంది, ప్రతి పనికీ ఒక మనిషి పేరుంది, జాబితా కాగితం మీద ఉంది. అంత పని చేయగలిగిన ఇల్లు అయిదు కిలోల పిండి దగ్గర ఆగిపోవడానికి కారణం ఈ మూడూ లేకపోవడమే. ఆషాఢం, శూన్యమాసం అని ఆగేవాళ్ళు ప్రారంభానికి మంచిరోజు చూసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. కొట్లో ధర అడగడానికి, కవర్లు కొనడానికి, మిల్లు వేళలు కనుక్కోవడానికి ముహూర్తం అక్కర్లేదు. నిజానికి ముహూర్తం పెట్టుకోవడం మంచిదే. అది కదలని తేదీ.

ఇదే సంగతి ఫిషింగ్ హార్బర్‌లో ఏటా కనిపిస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం. ఆ రోజుల్లోనే చెక్క మార్చడం, రంగులు, ఇంజిన్ విప్పి సర్దడం, వలలు అల్లడం జరుగుతాయి. నిషేధం తీసేనాటికి బోటు సిద్ధంగా ఉండాలి, అప్పుడు ఐసు, డీజిలు, మంచినీళ్ళు, తిండి సామాన్లు ఎక్కించుకుని బయలుదేరాలి. ఇందులో ఒక్కటి తక్కువైనా బోటు వేటకు వెళ్ళదు. సముద్రం మీద ఎంత ప్రేమ ఉన్నా ఐసు లేకుండా చేప నిలవదు.

అంచనా తప్పే తీరు

1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎంత పడుతుందంటే 49 రోజులన్నారు. నిజంగా పట్టింది 55 రోజులు. అంటే చెడును ఊహించి చెప్పిన లెక్క కూడా చాలలేదు. మనం పనిని ఊహించుకునేటప్పుడు అది సాఫీగా నడిచే దృశ్యమే కళ్ళ ముందుకు వస్తుంది. వాన, కరెంటు కోత, జ్వరం ఆ దృశ్యంలో ఉండవు. మీకు తోచిన రోజులకు సగం కలపండి. ఇంతకుముందు ఇలాంటి పనికి నిజంగా ఎన్ని రోజులు పట్టిందో గుర్తుంటే అదే లెక్క, ఊహ కంటే అది నమ్మదగ్గది. గింజలు ఎండబెట్టే పనైతే రుతువును కూడా చూసుకోవాలి. జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. ఫిబ్రవరిలో రెండు రోజుల్లో ఎండేది ఆగస్టులో నాలుగు రోజులైనా ఎండకపోవచ్చు. అప్పుడు ఫ్యాను కింద ఆరబెట్టి ఎక్కువసేపు వేయించడమో, విడత చిన్నది చేసుకోవడమో చేయాలి.

ఉత్సాహం ఎక్కడ దొరుకుతుంది

ఉత్సాహం వచ్చాక మొదలుపెడదామనుకునేవాళ్ళు వరుస తలకిందులుగా పట్టుకున్నట్టే. మొదటి చిన్న పని అయ్యాక ఉత్సాహం వస్తుంది. మూడు కొట్ల ధరలు రాసి ఉన్న పేజీని చూస్తే నాలుగో కొట్టు అడగాలనిపిస్తుంది. తెల్ల పేజీని చూస్తే ఏమీ అనిపించదు.

నలుగురికీ చెప్పేస్తే సిగ్గుకైనా చేస్తామని ఒక నమ్మకం ఉంది. గోల్విట్జర్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో ఫలితం అటు తిరగలేదు. తమ ఉద్దేశాన్ని ఇంకొకరు గుర్తించిన వాళ్ళు తర్వాత ఆ దిశగా తక్కువ శ్రమపడ్డారు. "మేం చోడి పిండి బ్రాండు పెడుతున్నాం" అని ఫ్యామిలీ గ్రూపులో రాయగానే ముప్పై అభినందనలు వస్తాయి, వ్యాపారం సగం పెట్టేసినట్టే ఉంటుంది. పిండి కంటే ముందు లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ తయారయ్యే ఇళ్ళలో జరిగేది ఇదే. ఒక్కరికి చెప్పండి, కలను చెప్పకుండా పనిని చెప్పండి: "వదినా, ఆదివారం సాయంత్రం మీ ఇంటికి ప్యాకెట్టు తెస్తాను, తిని ఎలా ఉందో చెప్పాలి." వదిన ఆదివారం అడుగుతుంది. ఆ అడగడంలో ముప్పై లైకులకు లేని బలం ఉంది.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాట చాలా మందికి కంఠతా వచ్చు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించినప్పుడు మధ్యగత లెక్క (సగం మందికి అంతలోపు, సగం మందికి అంతకంటే ఎక్కువ) 66 రోజులు తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. అందులోనే ఇంకో మంచి మాట ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల అలవాటు పెద్దగా చెడలేదు. 22వ రోజుకి ఇంకా కష్టంగానే ఉంటే మీలో లోపం ఉందని కాదు. ఒక రోజు తప్పితే మర్నాడు మామూలుగా నోటుబుక్కు తెరవండి. తప్పిన రోజుకి పరిహారంగా రెండింతలు చేయాలని పెట్టుకోకండి, మూడో రోజు కూడా పోతుంది.

అసలు కుంగుబాటు మూడు నాలుగు వారాల దగ్గర వస్తుంది. మొదట్లో ఉన్న కొత్తదనం పోయింది, లాభం కంటికి కనిపించేంత దగ్గర్లో లేదు. సరిగ్గా అప్పుడే కొత్త ఆలోచన మెరుస్తుంది, పచ్చళ్ళు చేద్దామనో, బీచ్ దగ్గర ముంత మసాలా బండి పెడదామనో. కొత్తదాన్ని ఎడమ పేజీలో రాసి పెట్టండి, కుడి పేజీలోకి రానివ్వకండి. ఒకేసారి నడుస్తున్న పెద్ద పనులు మూడుకు మించితే ఏదీ ముగియదు. వాటిలో ఇల్లు, ఉద్యోగం తెచ్చేవే రెండు ఉంటాయి కాబట్టి సొంత ఆలోచనకు మిగిలేది ఒక్క చోటు.

ఆదివారం చేపలు తెచ్చి, టిఫిన్లు అయ్యాక ఒక అరగంట ఇద్దరూ నోటుబుక్కు ముందు కూర్చోవాలి. ఈ వారం ఏమేం కొట్టేశాం, ఏది కదల్లేదు, వచ్చే వారం ఎవరిది ఏ షిఫ్టు. మూడు వారాలుగా కదలని వాక్యం ఉంటే అది పని కాదు, పేరే అయి ఉంటుంది. ఇంకా చిన్నగా తిరగరాయాలి. తిరగరాసినా కదలకపోతే దాన్ని చేయాలన్న కోరిక నిజంగా ఉందో లేదో ఒకరినొకరు అడగొచ్చు. ఆ ప్రశ్న అడగడానికి భయపడకూడదు. ఈ అరగంట దాటి పథకాల మీద కూర్చోకూడదు కూడా.

కొనసాగించాలో ఆపాలో తేల్చే కొలత కూడా ముందే రాసుకోవాలి, మధ్యలో రాస్తే మనసు దానికి అనుకూలంగా కొలత మార్చేస్తుంది. పిండికైతే మెచ్చుకున్నవాళ్ళ లెక్క పనికిరాదు, బంధువులు మెచ్చుకుంటూనే ఉంటారు. డబ్బిచ్చి రెండోసారి అడిగినవాళ్ళు ఎంతమంది అన్నదే లెక్క. "నాలుగు విడతల తర్వాత రెండోసారి అడిగినవాళ్ళు అయిదుగురు కూడా లేకపోతే ఆపుతాం" అని మొదటి పేజీలోనే రాయండి. ఆపాల్సి వస్తే తేదీ, కారణం, చేతికి మిగిలిన సామాను రాసి పేజీ మూసేయండి. మిగిలిన జిప్ కవర్లు సంక్రాంతికి అరిసెలు, జంతికలు ఊరికి పంపడానికి సరిపోతాయి.